డార్విన్ బ్రాంచి ఏది?

చార్లెస్ డార్విన్ ఏ సబ్జెక్టులో డిగ్రీ చేశాడని మన క్లాసులో ఎవర్ని అడిగినా బయాలజీ అనే అంటారు. కాదు. 1831లో కేంబ్రిడ్జ్ అతనికి ఇచ్చింది మామూలు బి.ఏ. పట్టా. దానికోసం చదవాల్సినవి గ్రీకు, లాటిన్, యూక్లిడ్ జ్యామితి, క్రైస్తవ మతాన్ని తర్కంతో సమర్థించే ఒకట్రెండు పుస్తకాలు. ఆ సిలబస్‌లో జంతువుల్లేవు, మొక్కల్లేవు, రాళ్లూ లేవు. చర్చిలో పాస్టరు ఉద్యోగానికి తొలి మెట్టుగా ఇంట్లోవాళ్లు చేయించిన డిగ్రీ అది. అంతకుముందు చేరింది మెడిసిన్, అది మధ్యలో వదిలేశాడు. అంటే డార్విన్‌ని డార్విన్ చేసిన చదువంతా తన బ్రాంచి బయటే జరిగింది.

మనకి ఓపెన్ ఎలక్టివ్ ఫారం వచ్చినప్పుడల్లా గ్రూపులో పడే మొదటి ప్రశ్న, ఏది ఈజీ అని. రెండోది, ఏ సార్ మార్కులు బాగా వేస్తారని. డార్విన్ కథ చదువుతున్నంతసేపూ నాకు ఆ గ్రూపే గుర్తొచ్చింది, అందుకే ఇది రాస్తున్నాను. బ్రాంచి బయటి క్లాసులు అతనికి ఎలా పనికొచ్చాయో చాలామంది చెప్తారు. ఏవి పనికిరాలేదో, ఏవి వదిలేసి నష్టపోయాడో కూడా చూస్తేనే ఆ కథ పూర్తవుతుంది.

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. తండ్రి రాబర్ట్ డార్విన్ డాక్టరు, బాగా సంపాదించినవాడు. తాత ఎరాస్మస్ డార్విన్ కూడా డాక్టరే. తల్లి పోయేనాటికి ఇతనికి ఎనిమిదేళ్లు. బడిలో చెప్పేదంతా గ్రీకు, లాటిన్ పద్యాలు. ఇంటి తోటలో ఒక షెడ్డులో అన్నయ్యతో కలిసి కెమిస్ట్రీ ప్రయోగాలు చేస్తుంటే తోటి పిల్లలు గ్యాస్ అని పేరు పెట్టి ఏడిపించేవాళ్లు. హెడ్‌మాస్టరైతే పనికిమాలిన వాటి మీద టైమ్ తగలేస్తున్నావని అందరిముందూ తిట్టాడు. సిలబస్‌లో లేనిది చదివితే టైమ్ వేస్టు అనే మాటకి కనీసం రెండొందల ఏళ్ల వయసుందన్నమాట.

1825 అక్టోబరులో, పదహారేళ్లకే, ఎడిన్‌బరో యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేరాడు. అప్పట్లో అక్కడ ఏ ప్రొఫెసర్ క్లాసుకి వెళ్తే ఆ ప్రొఫెసర్‌కే ఫీజు కట్టాలి. చలికాలం పొద్దున ఎనిమిదింటికి మందుల గురించి ఒక క్లాసు ఉండేది, ముసలితనంలో కూడా దాన్ని తలుచుకుంటే భయమేసేదట. అనాటమీ చెప్పిన సార్ అంటే అసహ్యం పుట్టి ఆ సబ్జెక్టు మీదే విరక్తి వచ్చింది. రెండు ఆపరేషన్లు చూడ్డానికి వెళ్లాడు, అందులో ఒకటి చిన్నపిల్లాడికి. క్లోరోఫామ్ రావడానికి ఇంకా ఇరవయ్యేళ్లకు పైగా ఉంది, మత్తు లేకుండానే కోసేవాళ్లు. రెండుసార్లూ మధ్యలోనే బయటికి పరిగెత్తాడు. ఇక మళ్లీ ఆ గది తొక్కలేదు.

మరి ఎడిన్‌బరోలో రెండేళ్లు ఏం చేసినట్టు? అక్కడే అసలు విషయం ఉంది. అతను అద్దెకున్న లోథియన్ వీధిలోనే నాలుగిళ్ల అవతల జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్లజాతి ఆయన ఉండేవాడు. దక్షిణ అమెరికాలోని గయానాలో ఒకప్పుడు బానిస. అక్కడికి వచ్చిన చార్లెస్ వాటర్టన్ అనే ప్రకృతి ప్రేమికుడి దగ్గర పిట్టల చర్మం ఒలిచి, పాడవకుండా కూర్చి నిలవచేసే పని నేర్చుకున్నాడు. ఎడిన్‌బరోలో ఆ పనితోనే బతికేవాడు. 1826లో డార్విన్ ఒక గినీ ఇచ్చి, రోజుకి గంట చొప్పున రెండు నెలలు ఆయన దగ్గర ఆ పని నేర్చుకున్నాడు. యూనివర్సిటీ రికార్డులో ఈ కోర్సు లేదు, దానికి సర్టిఫికెట్టూ లేదు. నేర్పిన మనిషికి ఆ రోజుల్లో యూనివర్సిటీలో కుర్చీ వేసేవాళ్లు కూడా కాదు. కానీ దాదాపు పదేళ్ల తర్వాత గాలాపగోస్ నుంచి లండన్‌కి పిట్టలు చెడిపోకుండా చేరాయంటే ఈ గినీ పుణ్యమే. ఓడలో సిమ్స్ కోవింగ్టన్ అనే సహాయకుడికి ఇదే పని డార్విన్ నేర్పాడు కూడా.

రెండో ఏడాది ప్లీనియన్ సొసైటీ అనే స్టూడెంట్స్ క్లబ్‌లో చేరాడు. అచ్చం మన క్లబ్బుల్లాగే, పేపర్లు చదవడం, వాదించుకోవడం. రాబర్ట్ గ్రాంట్ అనే డాక్టరుతో సముద్రం ఒడ్డున తిరిగి, ఆటుపోటుల మధ్య మిగిలిన చిన్న చిన్న జీవుల్ని పట్టి మైక్రోస్కోప్ కింద చూసేవాడు. 1827 మార్చిలో తను కనిపెట్టిన రెండు చిన్న సంగతులు ఆ క్లబ్‌లో చెప్పాడు. వయసు పద్దెనిమిది. అయితే అంతకు కొద్దిరోజుల ముందే గ్రాంట్ తన సొంత పేపర్‌లో ఆ విషయం వేరే సొసైటీలో చెప్పేశాడు. ప్రాజెక్టులో మన పని గైడ్ ఖాతాలో పడిపోవడం ఇప్పటిది కాదు.

అదే ఏడాది రాబర్ట్ జేమ్సన్ అనే ప్రొఫెసర్ దగ్గర నేచురల్ హిస్టరీ క్లాసులకీ వెళ్లాడు. మెడికల్ డిగ్రీకి అక్కర్లేనిది, తన ఇష్టంతో డబ్బు కట్టి వెళ్లినదే. జేమ్సన్ మ్యూజియం అద్భుతం, పాఠం మాత్రం ఘోరం. ఆ దెబ్బకి జీవితంలో జియాలజీ పుస్తకం ముట్టకూడదని డార్విన్ నిర్ణయించేసుకున్నాడు. బ్రాంచి బయటి క్లాసు అయినంతమాత్రాన మంచిదై పోదని నేను అనేది ఇందుకే. ఇష్టంగా వెళ్లినవాడిని కూడా ఒక్క టీచర్ ఆ సబ్జెక్టు నుంచి తరిమేయగలడు. ఈ ఒట్టు నిలబడి ఉంటే మనం ఇప్పుడు చెప్పుకునే డార్విన్ ఉండేవాడే కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కొడుకు డాక్టరు కాడని తండ్రికి అర్థమైంది. వేటలు, కుక్కలు తప్ప వీడికి ఇంకేం పట్టదు, కుటుంబం పరువు తీసేట్టున్నాడని కోప్పడి, పాస్టరు కమ్మన్నాడు. దానికి డిగ్రీ కావాలి. బడిలో నేర్చిన గ్రీకు అప్పటికే మర్చిపోయాడు కాబట్టి ఇంట్లో ట్యూషన్ పెట్టించుకుని, 1828 జనవరిలో కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీకి వెళ్లాడు.

అక్కడ మొదట పట్టుకున్న పిచ్చి పెంకు పురుగులు. దూరపు బంధువు విలియం ఫాక్స్ అంటించాడు. ఒకసారి చెట్టు బెరడు ఒలుస్తుంటే రెండు అరుదైన పురుగులు దొరికాయి, చేతికొకటి పట్టుకున్నాడు. అంతలో మూడోది కనపడింది. చెయ్యి ఖాళీ కోసం ఒకదాన్ని నోట్లో వేసుకున్నాడు. అది నాలుక మండేలా ఏదో వదిలితే ఉమ్మేయాల్సి వచ్చింది, ఆ గొడవలో మూడోదీ పోయింది.

కేంబ్రిడ్జ్‌లో బోటనీ ప్రొఫెసర్ జాన్ స్టీవెన్స్ హెన్‌స్లో. ఆయన క్లాసులకి ఎవరూ తప్పనిసరిగా వెళ్లక్కర్లేదు, ఆ సబ్జెక్టు బి.ఏ. పరీక్షలో లేదు. డార్విన్ 1829లో వెళ్లాడు. 1830లో అదే కోర్సుకి మళ్లీ వెళ్లాడు. 1831లో మూడోసారి వెళ్లాడు. అటెండెన్స్ అడిగేవాళ్లు లేరు, క్రెడిట్లు లేవు, ఒకే కోర్సు మూడేళ్లు. ఎందుకంటే హెన్‌స్లో బోర్డు దగ్గర నిలబడి చెప్పి వెళ్లిపోయే మనిషి కాదు. ప్రతి స్టూడెంట్ ముందూ పువ్వులు పెట్టించి, వాళ్లతోనే విప్పించి, ఏ భాగం ఎలా ఉందో రాయించేవాడు. ఏడాదికి కొన్నిసార్లు ఊరి బయటికి, చిత్తడి నేలల్లోకి తీసుకెళ్లేవాడు. శుక్రవారం సాయంత్రాలు ఆయన ఇంటి తలుపు స్టూడెంట్లకి తెరిచి ఉండేది. చివరికి కాలేజీలో డార్విన్‌కి, హెన్‌స్లోతో నడిచే కుర్రాడు అనేదే గుర్తింపయింది.

హెన్‌స్లో దగ్గర ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. మొక్కల్ని ఎండబెట్టి అట్ట మీద అతికించేటప్పుడు మామూలుగా జాతికొక మంచి నమూనా పెడతారు. ఈయన అలా కాదు, ఒకే జాతి మొక్కల్ని వేరే వేరే చోట్ల నుంచి తెచ్చి, పొట్టివి పొడుగువి పక్కపక్కన ఒకే అట్ట మీద పెట్టి, ఏది ఎక్కడ ఎప్పుడు ఎవరు కోశారో రాసేవాడు. ఒక జాతిలో తేడాలు ఎంత దూరం పోతాయి, ఎక్కడ ఆగుతాయి అన్నది ఆయన ప్రశ్న. జాతులు మారవనే ఆయన నమ్మకం. కానీ తేడాలు చూడటం, చోటు పేరు రాసుకోవడం ఆ క్లాసులోనే డార్విన్ చేతికి అలవాటయింది. నా లెక్కలో మొత్తం కథకి ఇదే ఇరుసు.

1831 జనవరిలో డిగ్రీ పరీక్ష. ఆనర్స్ తీసుకోని 178 మందిలో పదో స్థానం వచ్చింది. పురుగుల వెంట తిరిగేవాడు ఫెయిలవుతాడనుకునేవాళ్లకి ఇది చెప్పాలి, డార్విన్ తన కోర్ సబ్జెక్టుల్ని గాలికి వదిలెయ్యలేదు. చివర్లో కూర్చుని గట్టిగా చదివాడు. యూక్లిడ్ అంటే ఇష్టపడ్డాడు కూడా.

పరీక్ష అయిపోయినా, కాలేజీలో ఉండాల్సిన టర్ములు ఇంకా రెండు మిగిలాయి కాబట్టి జూన్ దాకా అక్కడే ఉన్నాడు. చదవాల్సింది ఏమీ లేదు. ఈ ఖాళీ నెలల్లోనే హంబోల్ట్ దక్షిణ అమెరికా ప్రయాణాల పుస్తకం, జాన్ హెర్షెల్ సైన్స్ పద్ధతి గురించి రాసిన పుస్తకం చదివాడు. కానరీ దీవులకి ట్రిప్ వేద్దామని ప్లాన్ వేశాడు. అప్పుడు హెన్‌స్లో చెప్పిన మాట, జియాలజీ నేర్చుకోమని. జేమ్సన్ మీద కోపంతో వేసుకున్న ఒట్టు హెన్‌స్లో మాటతో గట్టెక్కింది. రాతి పొరలు ఎంత వాలుగా ఉన్నాయో కొలిచే క్లైనోమీటర్ కొని, గదిలో బల్లల్ని అటూ ఇటూ వంచి కొలుస్తూ ప్రాక్టీసు చేశాడు.

ఆ ఆగస్టులో జియాలజీ ప్రొఫెసర్ ఆడమ్ సెడ్జ్‌విక్ ఉత్తర వేల్స్ కొండలకి వెళ్తుంటే, హెన్‌స్లో అడిగి డార్విన్‌ని వెంట పంపించాడు. సెడ్జ్‌విక్ కొన్నాళ్లు పక్కన పెట్టుకుని నేర్పి, తర్వాత నువ్వు ఆ దారిన వెళ్లు, నేను ఈ దారిన వస్తాను, రాళ్లు తీసి పొరల్ని మ్యాపులో గుర్తు పెట్టు అని ఒంటరిగా పంపేవాడు. తమాషా ఏంటంటే, కుమ్ ఇడ్వాల్ అనే లోయలో ఇద్దరూ గంటల తరబడి శిలాజాల కోసం వెతికారు, చుట్టూ మంచునదులు వదిలేసిపోయిన గుర్తులు కళ్లముందే ఉన్నా ఇద్దరికీ కనపడలేదు. 1842లో మళ్లీ అక్కడికి వెళ్తే గానీ డార్విన్‌కి అవి కనపడలేదు.

వేల్స్ నుంచి ఆగస్టు 29న ఇల్లు చేరేసరికి హెన్‌స్లో ఉత్తరం. బీగిల్ అనే ఓడ దక్షిణ అమెరికా తీరాన్ని సర్వే చేయడానికి వెళ్తోంది, కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌కి ప్రకృతిశాస్త్రం తెలిసిన తోడు కావాలి, నీ పేరు చెప్పానని. జీతం లేదు, ఖర్చంతా తండ్రిదే. ఆయన ఒప్పుకోలేదు. పాస్టరు కాబోయేవాడికి ఇదేం పని, ఇక ఎక్కడా కుదురుకోడు అన్నాడు. కానీ బుద్ధున్నవాడు ఎవడైనా వెళ్లమంటే అప్పుడు ఒప్పుకుంటానని ఒక సందు వదిలాడు. డార్విన్ రాలేనని ఉత్తరం రాసేసి మేనమామ జోసయా వెడ్జ్‌వుడ్ ఇంటికెళ్లాడు. మేనమామ ఆ అభ్యంతరాలన్నిటికీ వరసగా ఒక్కోదానికీ జవాబు రాసి పంపి, ఆ వెనకే తనూ బయల్దేరి బావగారి దగ్గరికి వచ్చాడు. మన ఇళ్లలో కూడా ఇలాంటి పనులు మావయ్యల వల్లే అవుతాయి.

1831 డిసెంబరు 27న ఓడ కదిలింది. రెండేళ్లన్న ప్రయాణం ఐదేళ్లకి దగ్గరయింది, 1836 అక్టోబరు 2న తిరిగొచ్చాడు. ఈ ప్రయాణం గురించి అందరికీ తెలుసు, నేను రెండే విషయాలు చెప్తాను.

మొదటిది జియాలజీ. డార్విన్ తిరిగొచ్చాక పేరు తెచ్చుకుంది ముందు జియాలజిస్టుగానే. జియాలజికల్ సొసైటీకి మూడేళ్లు సెక్రటరీగా చేశాడు. ఉంగరంలా ఉండే పగడపు దీవులు ఎలా ఏర్పడతాయో 1842 పుస్తకంలో చెప్పాడు. అగ్నిపర్వతం మెల్లగా సముద్రంలోకి కుంగిపోతుంటే దాని చుట్టూ ఉన్న పగడాలు పైకి పెరుగుతూ పోతాయని. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో తవ్వి చూస్తే 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి, దాని కింద అగ్నిపర్వతపు రాయి తగిలాయి. ఒట్టు పెట్టుకుని వదిలేసిన సబ్జెక్టులో ఇది!

రెండోది గాలాపగోస్. 1835లో అక్కడ ఐదు వారాలున్నాడు. ఫించ్ పిట్టల్ని చూడగానే పరిణామం తట్టిందని చెప్పుకుంటారు కానీ అలా జరగలేదు. ఏ పిట్టని ఏ దీవిలో పట్టాడో డార్విన్ సరిగ్గా రాసుకోలేదు. 1837లో లండన్‌లో జాన్ గూల్డ్ అనే పక్షి నిపుణుడు చూసి ఇవన్నీ దగ్గరి చుట్టాలైన వేరువేరు జాతులని చెప్పాక, ఫిట్జ్‌రాయ్, కోవింగ్టన్‌లు దాచుకున్న పిట్టల చీటీలు అడిగి సరిచూసుకోవాల్సి వచ్చింది. మొక్కలు మాత్రం అలా కాదు. కోసిన మొక్కల్ని చాలావరకు దీవి పేరుతో విడివిడిగా ఉంచాడు. మొక్కలంటే హెన్‌స్లో క్లాసు కదా, చేతికి అలవాటు.

ఆ మొక్కలు 1843 ప్రాంతంలో జోసెఫ్ హుకర్ చేతికి వచ్చాయి. హుకర్ లెక్క తేల్చాడు. జేమ్స్ దీవిలో దొరికినవి 71 రకాలు. అందులో 38 గాలాపగోస్ బయట ప్రపంచంలో ఎక్కడా లేవు. ఆ 38లో 30 ఆ ఒక్క దీవిలో తప్ప పక్క దీవుల్లో కూడా లేవు. పిట్టల విషయంలో చీటీలు పోయి వాదనకి బలం తగ్గిన చోట, దీవికొక జాతి ఎలా పుట్టిందన్న ప్రశ్నని నిలబెట్టింది ఈ మొక్కల పట్టిక. 1845లో తన ప్రయాణాల పుస్తకం రెండో ముద్రణలో డార్విన్ దాన్ని వేశాడు. మార్కుల్లేని కోర్సు మూడుసార్లు విన్నందుకు వచ్చిన రిజల్టు ఇది అనుకోవచ్చు.

ఇక వదిలేసిన క్లాసుల సంగతి. ఎడిన్‌బరోలో సార్ నచ్చక డిసెక్షన్ నేర్చుకోలేదు, బొమ్మలు గీయడం రాదు. ఓడలో ఈ రెండూ లేక చాలా పని వృథా అయిందని తర్వాత బాధపడ్డాడు. ఆ లోటు పూడ్చుకోవడం అంత సులువు కాలేదు. 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు, ఓడల అడుగున అతుక్కునే బార్నకిల్స్ అనే పెంకు జీవుల్ని కోసి చూస్తూ కూర్చున్నాడు.

మ్యాథ్స్ లోటు మాత్రం ఎప్పటికీ తీరలేదు. 1828 వేసవిలో బార్మత్ అనే సముద్రపు ఊళ్లో ట్యూటర్‌ని పెట్టుకుని మొదలుపెట్టాడు, ఆల్జీబ్రా మొదటి మెట్ల దగ్గరే విసుగొచ్చి మానేశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1868 పుస్తకంలో స్నాప్‌డ్రాగన్ పూల మీద తను చేసిన ప్రయోగం రాశాడు. రెండు రకాల పూలని సంకరం చేస్తే రెండో తరంలో 127 మొక్కలు వచ్చాయి. 88 మామూలు పూలవి, 37 వింత పూలవి, 2 మధ్యరకం. మెండెల్ బఠాణీల్లో పట్టుకున్న మూడుకి ఒకటి నిష్పత్తికి ఇది మరీ దూరమేం కాదు, మెండెల్ పేపర్ అప్పటికి రెండేళ్ల కిందటే అచ్చయింది. అంకెలు డార్విన్ చేతిలోనే ఉన్నాయి. వాటిని నిష్పత్తిగా చూసే అలవాటు లేదు. వారసత్వం ఎలా పనిచేస్తుందన్నది ఆయన సిద్ధాంతంలో చివరిదాకా పెద్ద ఖాళీగానే ఉండిపోయింది. మనలాంటివాళ్లకి ఇది తిరగేసి వర్తిస్తుందేమో అనిపిస్తుంది నాకు. మన దగ్గర అంకెలకి కొదవ లేదు, పువ్వు విప్పి చూసే అలవాటే లేదు.

జాతుల పుట్టుక మీద పుస్తకం 1859 నవంబరు 24న వచ్చింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో దానిమీద పెద్ద గొడవ జరిగిన సభకి అధ్యక్షుడు ఎవరనుకుంటున్నారు, హెన్‌స్లోనే. శిష్యుడి సిద్ధాంతాన్ని ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ అందరికీ మాట్లాడే అవకాశం ఇచ్చి సభ నడిపాడు. 1861లో పోయాడు. గాలాపగోస్ మొక్కల లెక్క తేల్చిన హుకర్ అప్పటికి ఆయనకి అల్లుడు.

ఆ తర్వాత 1882 ఏప్రిల్ 19న చనిపోయేవరకు డార్విన్ ఎక్కువగా పనిచేసింది మొక్కల మీదే. ఆర్కిడ్లు, పాకే తీగలు, పురుగుల్ని తినే మొక్కలు, పూల సంకరం, పూలలో రకాలు, మొక్కల కదలికలు, మొత్తం ఆరు పుస్తకాలు. చివరిది 1880లో కొడుకు ఫ్రాన్సిస్ సాయంతో రాశాడు. గడ్డి మొలక కొసకి చిన్న టోపీ తొడిగితే అది వెలుతురు వైపు వంగదని అందులో చూపించాడు. బైపీసీ చదివిన ఫ్రెండ్స్‌ని అడిగితే చెప్తారు, ఆక్సిన్ అనే హార్మోన్ పాఠం ఆ ప్రయోగంతోనే మొదలవుతుంది. అవన్నీ రాసినాయన బోటనీలో ఒక్క పరీక్ష కూడా రాయలేదు.